వాతావరణ సమాచారము – తెలుగు పదము : అటవీ, భూనిర్వాహకుల అవసరముల దృష్టితో ఒక పరిశీలన

ఒక శాస్త్రవిషయమును గూర్చి దేశభాషలో వ్రాయబూనినప్పుడు మొదట వినవచ్చు ఆక్షేపణ పదములు చాలవనుట. భూమి వేడెక్కుటను, దానివలన వానలు, అడవులు, పంటలు పొందుచున్న మార్పులను గూర్చి తెలుగున వెలువడుచున్న సమాచారమునకు ఈ ఆక్షేపణ అంతగా వర్తింపదు. వానకు, గాలికి, నేలకు, అడవికి, కరవునకు తెలుగున పదములు కొల్లలుగా నున్నవి. లోపము వేఱొకచోట కలదు. ఆ పదములలో పెక్కింటికి కొలత నిర్ణయింపబడలేదు. ఒకే పదము రెండు మూడు కొలతలకు నిలుచుచున్నది; ఒకే వస్తువునకు జిల్లాకొక పదము వ్యవహారమున నున్నది. పుస్తకమున ఇట్టి సందిగ్ధత యున్నచో పాఠకుడు ముందు వెనుకల వాక్యములను జూచి అర్థము నిశ్చయించుకొనును. అంతర్జాలమున సమాచారమును వెదకువానికి ఆ సౌకర్యము లేదు. అతడు ఒక పదమును వ్రాయును. ఆ పదమున్న పుటలు మాత్రమే అతని యెదుటికి వచ్చును.

అడవిని, నేలను నిర్వహించువారనగా అటవీశాఖలోని ఉన్నతాధికారులు మాత్రమే కారు. బీటు అధికారి, మండువేసవిలో అతనితో తిరుగు అగ్ని కాపలాదారు, 1990ల దశకమున ఏర్పడిన వన సంరక్షణ సమితుల సభ్యులు, మెట్టపొలమున ఏ విత్తు వేయవలెనో జూను మాసమున నిశ్చయించుకొను రైతు – వీరందఱును నిర్వాహకులే. 2006 నాటి అటవీ హక్కుల చట్టము సామూహిక అటవీ వనరులను కాపాడు అధికారమును గ్రామసభకు ఇచ్చినది. కావున చట్టదృష్టిచేతను ఒక గూడెపు సభ అటవీ నిర్వాహకులలో ఒకటి.

వీరికి సమాచారము అందించు సంస్థలకు కొదువ లేదు. భారత వాతావరణ శాఖ 1875లో స్థాపితమైనది. 1945 నుండి రేడియో ద్వారా రైతులకై ప్రత్యేక ప్రకటనలు ప్రారంభించినది. భారత అటవీ సర్వేక్షణ సంస్థ 1981లో డెహ్రాడూనున ఏర్పడి, 1987 మొదలుకొని దేశపు అడవుల స్థితిని గూర్చి రెండేండ్లకొక నివేదిక ప్రకటించు పద్ధతి నెలకొల్పినది. ఉపగ్రహ చిత్రములను ఎల్లరకు చూపు భువన్ 2009లో వెలువడినది. పంటల సలహాలను దేశభాషలలో చరవాణికి పంపు మేఘదూత్ 2019లో ఆరంభమైనది. ఈ సమాచారమంతయు మొదట ఆంగ్లమున పుట్టుచున్నది. తెలుగునకు వచ్చుసరికి దానికేమగుచున్నదో పరిశీలింపవలసియున్నది.

మొదట 'వాతావరణము' అను పదమునే తీసికొనవచ్చును. వాత, ఆవరణ శబ్దముల సమాసమిది. గాలిపొర యని అర్థము. భూమిని కప్పియున్న వాయుమండలమునకు ఆధునిక కాలమున ఏర్పడిన ఈ పదము తెలుగున క్రమముగా మూడు బరువులను మోయవలసివచ్చినది. వాయుమండలము ఒకటి; నేటి, రేపటి ఎండవానల స్థితి రెండవది; ఒక ప్రదేశమున ఎండవానలు చిరకాలము నడచు తీరు మూడవది. 'సభలో వాతావరణము వేడెక్కినది' అను అలంకారిక ప్రయోగము నాల్గవది. అది ఇచట అప్రస్తుతము. ప్రపంచ వాతావరణ సంస్థ మూడవదానిని నిర్ణయించుటకు సామాన్యముగా ముప్పది సంవత్సరముల లెక్కలను ఆధారము చేసికొనును. రెండవదానికి ఒక దినము, ఒక వారము చాలును. ఒక దినమునకు, ముప్పది ఏండ్లకు ఒకే పేరుండుట సామాన్య సంభాషణమున బాధకము కాదు, నిర్వాహకునికి బాధకము.

సోదరభాషలను జూచినచో ఈ విషయమున భారతీయభాషలు రెండు తెగలుగా చీలియున్నట్లు కనబడును. హిందీలో నాటి స్థితికి మౌసమ్, చిరకాలపు తీరుకు జలవాయు. వంగభాషలో ఆబహావా, జలవాయు. ఒడియాలో పాణిపాగ, జలవాయు. తమిళమున వానిలై, కాలనిలై. ఈ నాలుగింట శాఖ పేరొక పదముతోను, మార్పు పేరు వేఱొక పదముతోను ఏర్పడినవి. మరాఠీలో హవామాన్ శబ్దమే రెంటికిని. మలయాళ వ్యవహారమున కాలావస్థ రెంటికిని. కన్నడ స్థితి విచిత్రము: హవామాన, హవాగుణ అను రెండు పదములు విడివిడిగా ఏర్పడియుండియు, మార్పును గూర్చి వ్రాయునప్పుడు పత్రికలు తఱచుగా హవామాన శబ్దమునే వాడుచున్నవి. తెలుగు స్థితియు దీనికి దగ్గఱ. శీతోష్ణస్థితి యను పదము పాఠశాలల భూగోళ గ్రంథములలో తరతరములుగా నున్నది. పత్రికలు దానిని వదలి 'వాతావరణ మార్పు' అను ప్రయోగమును స్థిరపఱచినవి. శీతోష్ణస్థితి యన్నప్పుడు చలి, వేడి మాత్రమే స్ఫురించును, వానకు చోటులేదని కొందఱందురు. ఆ లెక్కకు జలవాయు శబ్దమున వేడికి చోటులేదు. పరిభాషాపదము వస్తువులోని భాగములనెల్ల ఏకరువు పెట్టనక్కఱలేదు. శీతోష్ణస్థితి ఓడిపోవుటకు దాని ఉచ్చారణ క్లేశమే ముఖ్యకారణమై యుండును.

దీని ఫలితము అడవిలో ఎట్లు కనబడును? నీలగిరి నాటు రైతు నాలుగైదేండ్లలో కోతకు వచ్చు పంటను చూచుకొనును. టేకు నాటు అటవీశాఖ అర్ధశతాబ్దిని చూడవలెను. నేడు నాటిన మొక్క 2070 ప్రాంతపు వేడిలో నిలువవలసియున్నది. అగ్ని కాపలాదారునకు రేపటి గాలి, తేమ చాలును. ఈ మువ్వురును 'వాతావరణ సమాచారము' అని వెదకినచో ముగ్గురికిని రేపటి వాన ముందుగా కనబడును. టేకు నాటువానికి కావలసిన ముప్పదేండ్ల పట్టిక ఆ పుటల అడుగున ఎక్కడనో పడియుండును. వాడుకలో స్థిరపడిన పదమును తొలగించుట ఇక సాధ్యము కాదు. 'దినవాతావరణము', 'చిరవాతావరణము' వంటి కొత్త సమాసములను కల్పించుటకంటె, కాలమును ప్రక్కన చేర్చి 'వారపు వాతావరణము', 'ముప్పదేండ్ల వాతావరణము' అని వ్రాయుట మేలు. ఇది నిఘంటువు కోరని మాట, కూలివానికిని తెలియును.

'సాధారణము' అను పదము ఇంతకంటె ప్రమాదకరము; అందఱికిని తెలిసినట్లుండుటయే దానిలోని ప్రమాదము. 'సాధారణముకంటె రెండు డిగ్రీలు అధికము', 'సాధారణ వర్షపాతము' అని ప్రకటనలలో నిత్యము వినుచున్నాము. లోకమున సాధారణమనగా మామూలుగా జరుగునది, వినువాని జ్ఞాపకమున నున్నది. ప్రకటనలో సాధారణమనగా నిర్ణీత సంవత్సరముల సగటు. దేశమంతటి నైరుతి ఋతుపవన వర్షమునకు 1971–2020 సంవత్సరముల సగటు 87 సెంటీమీటర్లు. దీనికి ముందు వాడుకలోనుండిన 1961–2010 సగటు 88 సెంటీమీటర్లు. ఆధారవత్సరములు మారుటతో సాధారణము ఒక సెంటీమీటరు తగ్గినది. ఆ మార్పును 'సాధారణ' శబ్దము ఏమాత్రమును సూచింపదు. ఈ సగటులో నూటికి 96 మొదలు 104 వఱకు కురిసినచో ఋతువు సాధారణమనబడును. దేశమంతటి సగటు సాధారణమైన యేట రాయలసీమలో ఒక మండలము ఎండిపోవచ్చును. అట్టిచోట 'ఈ ఏడు వర్షము సాధారణము' అను వార్త చదివిన రైతు శాఖను శంకించును. ఆ శంకకు కారణము లెక్కలో లేదు, అనువాదమున నున్నది.

వేడి విషయమున ఈ చిక్కు ఇంకను స్పష్టము. 2024వ సంవత్సరమున భారతదేశపు సగటు ఉష్ణోగ్రత 0.65 డిగ్రీలు అధికమని భారత వాతావరణ శాఖ ప్రకటించినది. 1901 నుండి నమోదైన ఏండ్లలో అదియే మిక్కిలి వేడి సంవత్సరము. అదే సంవత్సరమున ప్రపంచపు సగటు సుమారు 1.55 డిగ్రీలు అధికమని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించినది. మొదటిది 1991–2020 సగటుతో పోల్చినది. రెండవది 1850–1900 సగటుతో పోల్చినది. ఒకటి ఒక దేశమును, ఒకటి సముద్రములతో కూడిన ప్రపంచమును గూర్చినది. ఈ రెండు సంఖ్యలును తెలుగు వార్తలోనికి 'సాధారణముకంటె' అను ఒక్క మాటతో దిగినచో, ప్రపంచము వేడెక్కినంతగా భారతదేశము వేడెక్కలేదను తప్పుడు నిర్ణయమునకు పాఠకుడు వచ్చును. ఆ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చుటయే కుదరదు. కావున సాధారణ శబ్దమును వ్రాసిన ప్రతిచోట దాని ఆధారవత్సరములను వ్రాయవలెను. సంఖ్యలను మోయని 'సాధారణము' సమాచారముగా పనికిరాదు.

తెలుగు రైతునకు తనదైన 'సాధారణము' ఒకటి పూర్వమునుండియు కలదు. అది కార్తెల లెక్క. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున సుమారు పదమూడు, పదునాలుగు దినములుండును. మే నెల చివరి వారమున రోహిణి, జూను 8 ప్రాంతమున మృగశిర, జూను 22 ప్రాంతమున ఆర్ద్ర ప్రవేశించును. రోహిణిలో రోళ్ళు పగులుననుట, మృగశిరతో చల్లబడుననుట ఈ లెక్కలోనివే. కార్తెలను మూఢవిశ్వాసమని త్రోసివేయుట, నేటి శాస్త్రముకంటె గొప్పవని పొగడుట – రెండును అవివేకములు. అవి చిరకాలపు సగటును జ్ఞాపకముంచుకొనుటకు పనికివచ్చిన పంచాంగము. పంచాంగము నాక్షత్రమానమును అనుసరించును. ఋతువులు సాయనమానమును అనుసరించును. రెంటికిని నడుమ సుమారు 71 ఏండ్లకు ఒక దినము భేదము వచ్చును. ఆరవ శతాబ్దినాటి వరాహమిహిరుని కాలమునుండి నేటికి ఈ భేదము సుమారు మూడు వారములైనది. అనగా భూమి వేడెక్కకపోయినను కార్తె ఋతువును విడిచి మెల్లగా జరుగుచునే యుండును. ఐనను కార్తె పేరు వినినంతనే రైతునకు పక్షము దినముల కాలము స్ఫురించును. 'జూను రెండవ పక్షము' అనుటకంటె 'ఆర్ద్ర ప్రవేశమునాటికి' అనుట ప్రకటనను నేలకు దించును. వాన వచ్చుననుటకు కార్తెను ప్రమాణముగా కాక, తేదీకి పేరుగా మాత్రము వాడుకొనవచ్చును.

ఇంతవఱకు లోపములే చెప్పబడినవి. కొలత చేరిన తెలుగు మాటలును కలవు. వాటిని శ్రద్ధగా చూడవలెను. వాతావరణ ప్రకటనలో 'ఒకటి రెండు చోట్ల' అనినచో ఆ ప్రాంతమందలి వర్షమాపక కేంద్రములలో నూటికి 25 వఱకు. 'కొన్ని చోట్ల' అనినచో 26 నుండి 50. 'చాలా చోట్ల' అనినచో 51 నుండి 75. 'దాదాపు అన్ని చోట్ల' అనినచో అంతకు పైన. ఎంత మామూలు మాటలివి! ఒక్క సంస్కృతసమాసమైనను లేదు. ఐనను వీనికి లోపల గట్టి అంకె యున్నది. ప్రకటన వినువారిలో ఈ అంకె ఎఱిగినవారు మిక్కిలి తక్కువ. మాటకు సమీపమున అంకెను చూపు ఏర్పాటు లేకపోవుటయే దీనికి కారణము.

వాయుగుండము ఇంకను గొప్ప ఉదాహరణము. సముద్రముపై గాలి గంటకు 31 నుండి 49 కిలోమీటర్ల వేగము పొందినప్పుడు అల్పపీడనము వాయుగుండమగును. 50 నుండి 61 వఱకు తీవ్ర వాయుగుండము. 62 దాటినచో తుపాను. ఆంగ్లమున ఈ మెట్టునకున్న పేరు 'క్రుంగుదల' యను అర్థమునిచ్చును; అదే పదము మనోవ్యాధికిని, ఆర్థికమాంద్యమునకును చెల్లును. తెలుగు పదము సుడితిరుగు గాలిని కన్నులకు కట్టును. శ్రీకాకుళము మొదలు నెల్లూరు వఱకు ఏ రేవులోని పల్లెవాడైనను వాయుగుండము పేరు వినగానే పడవ లాగవలెనా, వలదా యని ఆలోచించును. అనువాదము మూలమును మించిన తావులలో ఇది యొకటి.

వాన తీవ్రతను తెలుపు మాటల విషయమున మాత్రము సగమే జయము. ఇరువదినాలుగు గంటలలో 64.5 మిల్లీమీటర్లు మొదలు 115.5 వఱకు 'భారీ', 115.6 నుండి 204.4 వఱకు 'అతి భారీ', ఆ పైన 'అత్యంత భారీ' అని తెలుగు ప్రకటనల వాడుక. వైయాకరణునికి అతి, అత్యంత శబ్దముల భేదము తెలియును. చెఱువుగట్టు కాపలాదారునకు ఆ రెంటిలో ఏది పెద్దదో చెవితో విని తెలిసికొనుట కష్టము. రేడియోలో తొందరగా చదివినప్పుడు 'అతి', 'అత్యంత' ఒకటిగా వినబడును. పసుపు, నారింజ, ఎఱుపు రంగులతో హెచ్చరికలిచ్చుట ఈ లోటును కొంత తీర్చినది. 'ఇరువది సెంటీమీటర్లు దాటు వాన' అని చెప్పినచో లోటు పూర్తిగా తీరును.

కొలతతో కూడిన మాటలు అత్యవసరమైన చోటు సంభావ్యతను తెలుపు భాష. 1988లో ఏర్పడిన అంతర్ప్రభుత్వ శీతోష్ణస్థితి పరిణామ సంఘము తన నివేదికలలో సామాన్య విశేషణములకు అంకెలను కట్టినది. ఒక సంగతి జరుగుటకు నూటికి 66 పాళ్ళు మొదలు అవకాశమున్నచో ఒక మాట, 90 మొదలైనచో వేఱొక మాట, 99 మొదలైనచో ఇంకొక మాట. 33 నుండి 66 వఱకు జరుగుటయు జరుగకపోవుటయు సమానమని చెప్పు మాట. ఈ సంఘపు నివేదికలు ఐక్యరాజ్యసమితి ఆఱు భాషలలో వెలువడును. వానిలో భారతీయభాష యొక్కటియు లేదు. తెలుగు పత్రికకు చేరునప్పటికి 66, 90, 99 అను మూడు మెట్లును 'అవకాశమున్నది' అను ఒక్క మెట్టుగా కలిసిపోవుచున్నవి. సాక్ష్యబలమును తెలుపు పదమును 'విశ్వాసము' అని అనువదించుట మఱియొక చిక్కు. విశ్వాసము భక్తునికుండును, సేవకునికుండును. శాస్త్రజ్ఞుడు చెప్పదలచినది తన సాక్ష్యమెంత గట్టిదనుట. 'నిశ్చయము' దానికి దగ్గఱి మాట. సంభావ్యత యను పదము గణిత పాఠ్యగ్రంథములలో స్థిరపడియే యున్నది. 'నూటికి తొంబది పాళ్ళు సంభావ్యము' అనినచో మెట్టు నిలుచును. కట్టవలసిన కట్ట ఎత్తును, తవ్వవలసిన కందకము లోతును నిర్ణయించువానికి 66నకు, 99నకు గల భేదము రూపాయల భేదము.

ఇక 'అడవి'. ఈ పదమునకు అర్థమేమను ప్రశ్న పండితగోష్ఠిని విడిచి న్యాయస్థానమెక్కిన సంగతి భాషాశాస్త్రవేత్తలు గమనింపదగినది. 1996 డిసెంబరు 12న గోదవర్మన్ తిరుమల్పాడు వ్యాజ్యమున సుప్రీంకోర్టు, 1980 నాటి అటవీ సంరక్షణ చట్టములోని 'అడవి' శబ్దమును దాని నిఘంటు అర్థమును బట్టి గ్రహింపవలెనని ఆదేశించినది. భూమి ఎవరి సొత్తైనను, దస్తావేజులలో అడవిగా నమోదైనచో అదియు చట్టమునకు లోబడును. 2023లో చట్టము సవరింపబడి పరిధి మారినది. చట్టము పేరును హిందీలోనికి మార్చబడినది. 2024 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు మధ్యంతరముగా 1996 నాటి అర్థమునే అనుసరింపుడని రాష్ట్రములకు చెప్పినది.

నిఘంటు అర్థమనగా ఏ భాష నిఘంటువు? ఆదేశము ఆంగ్లమున నున్నది. తెలుగున అడవి, కాన, కారడవి, చిట్టడవి, తుప్ప, బీడు అను పదములు ఒకదానినొకటి తాకుచు నడచును. తెలంగాణమున కంచ యనగా పశువులు మేయు గడ్డిపొదల భూమి. 2025లో హైదరాబాదు విశ్వవిద్యాలయమును ఆనుకొనియున్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరములు అడవియగునా, కాదా యను వివాదము రేగి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు అచట చెట్ల నఱకుటను నిలిపివేసినది. ఊరి పేరులోనే భూస్వభావమును తెలుపు తెలుగు పదమొకటి నిలిచియున్నను, ఆ పదము అడవికి లోపలిదో వెలుపలిదో చెప్పు పరిభాష లేదు.

అటవీ సర్వేక్షణ సంస్థకు అడవి అర్థము మఱియొకటి. ఒక హెక్టారునకు తక్కువకాని నేలలో నూటికి పది పాళ్ళకు మించి చెట్ల కొమ్మల నీడ పడినచో, ఆ నేల ఎవరిదైనను, చెట్టు ఏదైనను, అది అటవీ ఆచ్ఛాదనము. ఈ లెక్కన ఉద్దానపు జీడిమామిడి తోటయు అందు చేరవచ్చును. చెట్లు లేని రిజర్వు అడవి చేరదు. 2023 నివేదిక ప్రకారము దేశమున ఇట్టి ఆచ్ఛాదనము 7,15,343 చదరపు కిలోమీటర్లు. దేశ విస్తీర్ణములో 21.76 పాళ్ళు. తెలుగు వార్తలు దీనిని 'అడవులు ఇంత శాతము' అని వ్రాయును. అడవి వేఱు, అటవీ ఆచ్ఛాదనము వేఱు. చట్టమునకు ఒకటి, ఉపగ్రహమునకు ఒకటి, గ్రామసభకు ఒకటిగా మూడు అడవులున్నప్పుడు, అడవి పెరిగినదా తరిగినదా యను ప్రశ్నకు మూడు ఉత్తరములు వచ్చుట వింత కాదు.

అగ్ని విషయమున పదదోషము గంటలలో ఫలించును. అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుండి ఉపగ్రహముల సాయమున అడవులలోని మంటలను కనిపెట్టుచున్నది. 2019లో సవరించిన పద్ధతిని ప్రవేశపెట్టి, నమోదు చేసికొన్నవారికి చరవాణి సందేశములు పంపుచున్నది. సందేశమున రాష్ట్రము, జిల్లా, డివిజను, రేంజి, బీటు, అక్షాంశ రేఖాంశములు ఉండును. మోడిస్ అను పరికరము చూపు ఒక్కొక్క గడి ఒక కిలోమీటరు పొడవు వెడల్పు కలది. అనగా సుమారు 247 ఎకరములు. వీర్స్ అను పరికరపు గడి 375 మీటర్లు. సుమారు 35 ఎకరములు. సందేశములోని బిందువు ఆ గడికి నడుమ నుండును. మంట గడిలో ఎచటనైనను ఉండవచ్చును. ఈ సంగతి తెలియక బిందువు దగ్గఱకు పోయి మంట కానక తిరిగివచ్చిన కాపలాదారు మఱునాటి సందేశమును లెక్కచేయడు. బిందువు చుట్టును ఎంత దూరము వెదకవలెనో తెలుగున ఒక వాక్యము చేర్చినచో ఈ నష్టము తప్పును.

ఉపగ్రహము కనుగొనునది వేడిని. ఆ సూచనను తెలుగున 'కార్చిచ్చు' అని వ్రాయుచున్నారు. దావానలమునకు పర్యాయమైన ఈ పదము వినగానే చెట్ల తలలంటుకొను మహాగ్ని స్ఫురించును. మన ఆకురాల్చు అడవులలో మంటలు పెక్కు నేలబారువి. ఎండుటాకులను, గడ్డిని తినుచు మోకాలెత్తున సాగును. ఇప్పపూవు ఏరుకొనుటకు చెట్టుక్రింది ఆకులు తగులబెట్టుట, తునికి కొత్తచిగురుకై నిప్పుపెట్టుట, పోడు కాల్చుట – వీనిని గ్రామస్థుడు ఎన్నడును కార్చిచ్చనడు. 'మీ యూరి అడవిలో కార్చిచ్చు కలదా?' యని అడిగినచో లేదనును, అతడు అబద్ధమాడలేదు. 'నేలమంట' యని అడిగినచో ఉత్తరము వేఱుగా నుండును. మఱియు రోమను లిపిలో వచ్చు బీటు పేర్లలో త–ట, ద–డ, ల–ళ భేదములు, హ్రస్వదీర్ఘములు నశించును. పరగణాకు క్రొత్తగా బదిలీయై వచ్చిన అధికారి ఆ పేరును గూడెమువారి యెదుట పలికినచో వారు ఏ కొండయో గుర్తింపలేరు.

వెదకుట విషయమున తెలుగు వ్యాకరణమే ఒక అడ్డంకి. అడవి బహువచనమున అడవులగును. ఏరు ఔపవిభక్తికముతో ఏటి యగును, బహువచనమున ఏళ్ళగును. అక్షరములను మాత్రమే పోల్చు యంత్రమునకు అడవి, అడవులు, అటవీ, అరణ్య నాలుగు వేఱువేఱు వస్తువులు. కరవు–కరువు, తుపాను–తుఫాను, ఎఱ్ఱ–ఎర్ర వంటి వర్ణక్రమ భేదములు దీనికి తోడు. తెలుగు లిపి 1991లోనే యూనికోడున చేరినను, పాత ముద్రణపు ఖతులతో కూర్చిన కరపత్రములు నేటికిని పెక్కు కలవు. అవి తెరమీద తెలుగుగా కనబడును. యంత్రమునకు అర్థములేని రోమను అక్షరములు. ఛాయాచిత్రములుగా నెక్కించిన పుటలకు ఆపాటి అక్షరములును లేవు. ఇట్టి పుటలలోని సలహా ఎంత మంచిదైనను వెదకువానికి చిక్కదు.

ప్రాంతభేదము మఱియొకటి. వర్షాధారపు భూమి కోస్తాలో మెట్ట, తెలంగాణమున చెలక, అచటి పాత రెవిన్యూ దస్తావేజులలో ఖుష్కి. నీటివసతి గల భూమి ఒకచోట మాగాణి, ఒకచోట తరి. వానల నడుమ పైరు వాడు ఎడమునకు బెట్ట యను చక్కని పదమున్నది. సలహాపత్రములు దానిని వదలి 'వర్షాభావ పరిస్థితులు' అని వ్రాయును. కరవు శబ్దమున వాన కొఱత, భూమిలో తేమ కొఱత, చెఱువులో నీటి కొఱత, ప్రభుత్వ ప్రకటనమువలన ఏర్పడు కరవు మండలము – ఇన్నియు ఇమిడిపోయినవి. వాతావరణ శాఖ లెక్కలో మాత్రము ఋతువు వాన సగటులో నూటికి 75 పాళ్ళకు తగ్గినప్పుడే అనావృష్టి.

ఈ ప్రాంతీయపదములు సేకరణ లేక నశింపలేదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటము వ్యవసాయ పదములకే కేటాయింపబడినది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున, వృత్తిలోనున్నవారి నోట విని, ఏ పదము ఏ ప్రాంతమున వినబడునో గుర్తించి కూర్చిన గ్రంథమది. నేడు యంత్రములకు కావలసిన సామగ్రి ఇట్టిదే. దానిని అటవీ వృత్తులకు విస్తరింపవలసియున్నది. తునికాకు కల్లము, బంక గీత, వెదురు కూపు – వీనిలో వాడు మాటలు కొన్ని ఆ పని చేయువారితోనే పోవుచున్నవి.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1980ల ఆరంభమున మొదలిడిన ఆగ్రోవోక్ అను బహుభాషా పదకోశము మార్గదర్శకముగా నున్నది. ఇందు నలుబది వేలకు పైగా భావనలు కలవు. ప్రతి భావనకు ఒక స్థిరమైన గుర్తింపు. ఆ గుర్తింపునకు సుమారు నలుబది భాషలలోని పదములు తగులుకొని యుండును. ఆ భాషలలో తెలుగొకటి. ప్రతి భాషయందును ఒక ముఖ్యపదము, దానికి పర్యాయములుగా ఎన్నియైనను ఉపపదములు చేర్చుటకు వీలున్నది. సాధారణ నిఘంటువు పదమునుండి అర్థమునకు పోవును. ఇది అర్థమునుండి పదములకు పోవును. చెలక, మెట్ట, ఖుష్కి మూడును ఒకే గుర్తింపున చేరినచో, పాలమూరు రైతు చెలక యని వెదకినను గుంటూరు మెట్ట వ్యవసాయపు పుట అతనికి దొరకును. ఎవరి మాటయు త్రోసివేయబడదు. ఏ మాట ప్రామాణికమను తగవు లేదు. తగవే ఉన్నచో పర్యాయములని తోచునవి నిజముగా పర్యాయములా యనుట; అది పదకోశకారుడు పొలమునకు పోయి తేల్చవలసిన పని.

ఇట్టి నమోదులో కొలతకును చోటుండవలెను. 'బెట్ట' నెదుట ఎన్ని దినములు వాన లేనిచో ఆ పేరు చెల్లునో, 'సాధారణము' నెదుట ఏ ఏండ్ల సగటో వ్రాయుటకు వీలుండవలెను. 2022లో ఆరంభమైన భాషిణి వంటి అనువాద యంత్రములకును ఇదియే ఆధారమగును. యంత్రము తానై వాయుగుండమును కల్పింపలేదు, కల్పించిన పదమును గుర్తుంచుకొనును. మండల స్థాయి సలహాలను ప్రాంతీయభాషలో సిద్ధముచేయుటకు ఏర్పడిన జిల్లా వ్యవసాయ వాతావరణ కేంద్రములు 2024లో నిలిపివేయబడుటతో, మనుష్యులు చేయుచుండిన పని కొంత యంత్రముపై పడుచున్నది. పదకోశములేని యంత్రము 'సాధారణ', 'విశ్వాస' శబ్దములనే తిరిగి తిరిగి వ్రాయును.

ఒక చిక్కు మిగిలియున్నది. పాపికొండలు, మన్యములలోని నిర్వాహకులలో కోయ, గోండి, కువి, సవర మాతృభాషలుగా గలవారు ఎందఱో కలరు. ఆంగ్లము తెలుగువారికెట్లో వారికి తెలుగట్లు. భావనాధారమైన కోశమునకు వారి పదములను చేర్చుట కష్టము కాదు. తెలుగు పదమును మధ్యవర్తిగా పెట్టక, కోయ పదమును నేరుగా భావనకే ముడివేయవచ్చును. సేకర్తలు మాత్రము ఆ భాష లెఱిగినవారై యుండవలెను. నమోదులు ఒకమాఱు వ్రాసి ముగించునవియు కావు. ఉష్ణోగ్రతకు నేడు వాడుకలోనున్న 1991–2020 సగటు పదేండ్లకొకమాఱు మారు పద్ధతికి లోబడినది. 2030 తరువాత 2001–2030 సగటు వచ్చును. అది మునుపటిదానికంటె వేడిది కాగలదు. నేడు 'సాధారణముకంటె ఒక డిగ్రీ అధికము' అనబడు మే నెల నాడు అప్పుడు అంత అధికముగా కనబడదు. ఆ యేట సాధారణ శబ్దపు నమోదును ఎవరో ఒకరు తెఱచి, సంవత్సరములను దిద్దవలసియుండును.